రాజు మాట, మామయ్య నోరు

దివాణం నుంచి వచ్చిన రోజున మా మేనమామ క్వాకు అసియమా అన్నం అడిగేవాడు కాదు. వాకిట్లో బల్లమీద కూలబడి, భుజం మీది గుడ్డ నడుముకి దించుకుని, "అఫియా, కాళ్ళకి కాసిని వేణ్ణీళ్ళు పెట్టవే" అనేవాడు. పొద్దున్నుంచీ నిలబడి నిలబడి పాదాలు వాచిపోయి ఉండేవి. నేను కుట్టుమిషను ఆపి నీళ్ళు కాచి తెచ్చేసరికి కూర్చున్నచోటే కునుకుతూ కనిపించేవాడు.

మా అత్త వంటపాకలోంచి తొంగిచూసి మూతి విరిచేది. "ఊరందరికీ తేనె పంచిపెట్టి వస్తాడు. ఇంటికొచ్చేసరికి సీసా ఖాళీ" అనేది. ఆమె మాటలో అబద్ధం లేదు. ఇంట్లో మామయ్య నోరు విప్పడం అరుదు.

ఆయన మా ఊరు అసువసొ రాజుగారికి మాటకారి. మా దగ్గర రాజు జనంతో నేరుగా మాట్లాడడు. పెదవి కదిలీ కదలనట్టు ఏదో గొణుగుతాడు. పక్కన బంగారు రేకు తొడిగిన కర్ర పట్టుకుని నిలబడ్డ మాటకారి దాన్ని అందరికీ వినిపిస్తాడు. జనం మొర కూడా మాటకారి చెవిలో పడ్డాకే రాజుగారికి చేరినట్టు లెక్క. రాజు అన్నది అన్నట్టు అప్పజెప్పడం మాటకారి పని కాదు. "అంతమాత్రానికైతే మనిషెందుకు, మైకు చాలదూ" అనేది మా అమ్మమ్మ. ముడిమాట తీసుకుని, దానికి సామెత చుట్టి, మెత్తబరిచి, వినేవాడి గుండెల్లో దిగేట్టు చెప్పాలి. అలా చెప్పడంలో చుట్టుపక్కల ఊళ్ళలో మామయ్యను మించినవాడు లేడు.

ఆ ముడిమాటలు ఎలా ఉండేవో ఇంట్లోవాళ్ళకే తెలుసు. రాజులాంటి పెద్దలను మేం నానా అని పిలుస్తాం. రాజు నానా ఒఫోసుహెనె పీఠం ఎక్కకముందు కుమాసీ పట్నంలో లారీ సామాన్ల వ్యాపారం చేసినవాడు. మనిషి చెడ్డవాడని అప్పట్లో ఎవరూ అనలేదు. ఓపిక లేనివాడు, అంతే. ఒకసారి అన్నదమ్ములిద్దరు గట్టు తగువు తెచ్చారు. "ఈ గాడిదలకి చెప్పు, మళ్ళీ ఈ గోల తెస్తే ఇద్దర్నీ తన్నిస్తానని" అన్నాడట రాజు. మామయ్య కర్ర ముందుకు చాపి, "నానా అంటున్నారు: ఒకే తల్లి పాలు తాగిన నోళ్ళు ఒకదాన్నొకటి కరవకూడదు. గట్టు రేపు వానకి కరిగిపోతుంది, తమ్ముడు కరిగిపోతే మళ్ళీ ఎక్కడ పోసుకుంటావు?" అన్నాడు. అన్నదమ్ములు కావలించుకుని ఏడ్చారు. మా రాజు ఎంత తెలివైనవాడో అని జనం మురిసిపోయారు.

ఆ రోజు మామయ్య ఇంటికొచ్చి, "బట్టలు ఉతికినా ఇంత నడుం నొప్పి రాదే" అన్నాడు.

"మానేయొచ్చుగా మామయ్యా?" అన్నాను.

"మనిషి కోసమైతే ఎప్పుడో మానేద్దును. పీఠం కోసం" అన్నాడు. "మనుషులు వస్తారు, పోతారు. పీఠం మీద కూర్చున్నవాడి మాట మీద జనానికి నమ్మకం పోతే ఇక ఊరెక్కడిది?"

పొక్లెయిన్లు వచ్చిన ఏడాది ఆ మాట ఆయనకు అడ్డం తిరిగింది.

బంగారం తవ్వేవాళ్ళు ఎక్కడివాళ్ళో మాకు సరిగ్గా తెలీదు. రాజు అన్వియా ఏటి ఒడ్డు వాళ్ళకు ఇచ్చేశాడు. ఇచ్చినట్టు ఊరికి చెప్పాల్సిందెవరు? మామయ్యే. ఆ రోజు రాజు అన్న మాట ఇంతే: "ఇచ్చేశాను. ఎవడైనా నోరెత్తితే వాడి సంగతి చూస్తానని చెప్పు." మామయ్య ఎప్పటిలాగే నిలబడి చెప్పాడు. గుమ్మంలోకి వచ్చిన అతిథికి ముందు నీళ్ళిచ్చి ఆ తర్వాతే వచ్చిన పని అడగడం మన మర్యాదన్నాడు. నేల కడుపులో దాగినదాన్ని పిల్లల చదువులకు అడుగుతున్నామన్నాడు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

మా ఆచారంలో మంగళవారం ఏటికి సెలవు. ఆ రోజు ఎవరూ నీళ్ళలో కాలు పెట్టరు, వల వెయ్యరు. పొక్లెయిన్లకి సెలవు లేదు. వానాకాలం గడిచేసరికి అన్వియా పాలు పోసిన టీలా తయారైంది. తవ్వినచోట తవ్వినట్టే వదిలేసి ముందుకు జరిగిపోయారు. ఆ గోతుల్లో నీళ్ళు నిలిచి, పైన ఆకులు పరుచుకుని, గోతులని తెలియకుండా ఉండేవి. మా అత్త కోకోతోట అంచుదాకా వచ్చారు. ఆ తోట మామయ్య అడవి కొట్టి వేసినది. మా వైపు మగవాడి సొత్తు అతని అక్కచెల్లెళ్ళ పిల్లలకు పోతుంది తప్ప పెళ్ళాంబిడ్డలకు రాదు. అందుకని ఆయన బతికుండగానే సాక్షులను పిలిచి, సారా పోయించి, తోట అత్త పేరున ఇచ్చేశాడు. నాకు రావలసిన తోట అది. మా అమ్మ కొన్నాళ్ళు అన్నతో మాట్లాడలేదు కూడా. ఇదంతా ఎందుకంటే, తర్వాత జరిగినదానికి ఊళ్ళో కొందరు ఈ తోటనే కారణంగా చెప్పారు.

లారీల అడ్డా దగ్గర అరటికాయలు కాల్చి అమ్మే అబెనా కూతురు అమా. రెండో క్లాసు చదివేది. ముందు పళ్ళు ఊడి, నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. బడికి వెళ్ళేముందు నత్తలు ఏరుకొస్తానని ఏటివైపు వెళ్ళింది. మధ్యాహ్నానికి గోతిలో తేలింది.

అంత్యక్రియలయ్యాక అబెనా దివాణానికి వచ్చింది. ఎరుపూ నలుపూ గుడ్డ కట్టి, చెప్పులు లేకుండా, తల గొరిగించుకుని వచ్చింది. వెంట ఆడవాళ్ళం చాలామందిమి వెళ్ళాం. రాజు గొడుగు కింద కూర్చున్నాడు. ఎడమవైపు రాజును ఎంచే రాజమాత నానా పోకువా, కుడివైపు పెద్దలు. మామయ్య కర్ర పట్టుకుని మధ్యలో ఉన్నాడు. నేను ఆడవాళ్ళ ముందువరసలో, రాజుగారి పెదాలు కనిపించేంత దగ్గరలో ఉన్నాను.

అబెనా గట్టిగా ఏడవలేదు. "మాటకారి గారూ, నానాకి వినిపించండి. నా పిల్ల పోయింది. ఇంకొకరి పిల్ల పోకుండా ఆ గోతులు పూడ్పించమని అడుగుతున్నాను. ఇంకేమీ అడగడంలేదు" అంది.

మామయ్య వినిపించాడు. రాజుకి ఆ రోజు ఒంట్లో బాలేదో, ఆడవాళ్ళు గుంపుగా వచ్చారన్న కోపమో తెలీదు. మొహం పక్కకు తిప్పుకుని గొణిగాడు. మామయ్య కదల్లేదు.

ఊరంతా ఆయన నోటివైపు చూస్తోంది. చావు ఇళ్ళలో ఆయన చెప్పే మాటలు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. అబెనా కూడా తలెత్తి చూసింది. ఆమె మొహంలో ఆకలిగొన్నవాళ్ళు గిన్నెవైపు చూసే చూపు ఉంది.

మామయ్య రాజువైపు వంగి, "నానా, నా చెవి ముసలిదైంది. ఇంకోసారి సెలవిస్తారా?" అన్నాడు.

"చెముడా నీకు? నేనన్నది విన్నావు. నీ ఏడుపేదో నువ్వు చుట్టి చెప్పు" అన్నాడు రాజు, ఈసారి నాకు కూడా వినిపించేట్టు.

మామయ్య జనంవైపు తిరిగాడు. కర్ర ముందుకు చాపలేదు. నేలకి ఆనించి, దానిమీద రెండు చేతులూ పెట్టి, అరక దున్ని వచ్చిన మనిషిలా నిలబడ్డాడు.

"నానా అంటున్నారు: నీ పిల్లని నేను తోశానా? పిల్లల్ని చూసుకోవడం చేతకానివాళ్ళు కనడమెందుకు? పొమ్మను."

తర్వాతి వాక్యం కోసం, సామెత కోసం, కొంతసేపు ఎదురుచూశాం. రాలేదు. అబెనా నిలబడ్డచోటే మెల్లగా నేలమీద కూర్చుంది. వెనక నుంచి ఒక ముసలమ్మ పెద్దగా శోకం అందుకుంది.

"నేనలా అనలేదు!" అని రాజు అరిచాడు. జనం ముందు ఆయన సొంత గొంతు వినబడడం అదే మొదలు. సన్నటి గొంతు. మామయ్య వెనక కూర్చునే రెండో మాటకారి కంగారుగా లేచి, "నానా అంటున్నారు, మరి... నానా బాధపడుతున్నారు" అని ఏదో అనబోయాడు. రాజమాత పోకువా చెయ్యెత్తింది. రాజును పదిమందిలో మందలించే హక్కు మా ఊళ్ళో ఆమె ఒక్కదానికే ఉంది.

"కూర్చో నాయనా, ఇంక చుట్టక్కర్లేదు" అంది రెండో మాటకారితో. రాజు వైపు తిరిగి, "నిన్ను ఈ పీఠం మీద కూర్చోబెట్టమని చెప్పింది నేను. నా నోరు పడిపోయినా బాగుండేది" అంది. లేచి, కర్ర ఊతంతో నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆడవాళ్ళం అబెనాను లేవనెత్తి ఆమె వెనకే వచ్చేశాం.

అత్త ఆ సాయంత్రం మామయ్యను ఒక్క మాట కూడా అనలేదు. ఉడికిన పెండలం ఫుఫుగా దంచి, వేరుశెనగ పులుసు చేసి, ముందు పెట్టింది. ఆయన వేళ్ళు తడుపుకుని అలాగే కూర్చుండిపోయాడు.

పీఠాన్ని అవమానించాడని మామయ్య మీద విచారణ పెట్టారు. పెద్దలందరిలోకీ పెద్ద, ముసలి బాడు, ప్రశ్నలు వేశాడు.

"ఆ మాటలు నానా అన్నవేనా?"

"అన్నవే."

"నీ సొంతం ఏమన్నా కలిపావా?"

"ఇన్నేళ్ళూ కలిపాను. ఆ రోజొక్కటే కలపలేదు."

వెనక ఎవరో నవ్వారు. బాడు నవ్వలేదు.

"పెళ్ళాం తోట మీదికి వస్తున్నారని కడుపుమంటతో చేశాడంటున్నారు. నేను నమ్మను. కానీ ఒకటి అడుగుతాను క్వాకూ. రాజు మీద కోపమొస్తే రాజుకి చెప్పాలి. పెద్దలం ఉన్నాం, మాకు చెప్పాలి. కర్ర కింద పెట్టి ఇంటికి పోవాలి. రాజు నోట్లోంచి ఎముక వస్తే చారు కాచి పొయ్యాల్సినవాడివి, ఆ ఎముక తీసుకెళ్ళి బిడ్డ పోయినదాని మొహాన విసిరావు. దెబ్బ ఎవరికి తగిలింది?"

పీఠం శుద్ధికి గొర్రెను ఇవ్వాలన్నారు, కర్ర దిగబెట్టాలన్నారు. గొర్రెను మామయ్య తనే తోలుకెళ్ళాడు. కర్ర మాత్రం నన్ను పట్టుకోమన్నాడు. దారిపొడుగునా అది నా భుజం కోసేసింది. అంత బరువుంటుందని నాకు అప్పటిదాకా తెలీదు.

రాజమాత మాత్రం ఊరుకోలేదు. రాజు నేరాలు ఒక్కొక్కటీ పేర్చి, రాజులకు తీర్పు చెప్పే పైసభకు తీసుకెళ్ళింది. వాయిదాలు పడ్డాయి, లాయర్లు వచ్చారు, సభ్యుల్లో కొందరికి జ్వరాలు వచ్చాయి. రెండు కోకో కాపులు చేతికొచ్చాక ఒఫోసుహెనె దిగాడు. ఆయన చెప్పులు లాగేసి, ఉత్త పాదాలు నేలకు తగిలేట్టు చేశారు. పాదం మన్ను తాకాక ఇక రాజు కాడు. వెళ్ళిపోతూ, "నన్ను దింపింది ఆ ముసలాడి నోరు" అన్నాడట. ఎవరో తెచ్చి మామయ్యకి చెప్పారు.

"నా నోరు కాదు, ఆయన నోరే. నేను పక్కకి తప్పుకున్నానంతే" అన్నాడు మామయ్య. గెలిచినవాడి గొంతులా లేదు అది.

కొత్త రాజు పోకువా చెల్లెలి మనవడు. నెమ్మదస్థుడు. పొక్లెయిన్లను పొమ్మన్నాడు. అవి ఎగువ ఊరికి పోయాయి. అక్కడ తవ్వుతుంటే ఇక్కడ నీళ్ళు తేరుకుంటాయా? మంగళవారాలు ఏటికి సెలవిస్తూనే ఉన్నాం, ప్యాకెట్ నీళ్ళు తాగుతూనే ఉన్నాం. గోతులు పూడ్పిస్తామన్నారు. లారీ ఒకటి వచ్చింది, మట్టి పోసింది, డీజిలు లేదని వెళ్ళిపోయింది.

ఆ రోజుల్లోనే అబెనా నా దగ్గరికి గుడ్డ తెచ్చింది. రవిక వదులైపోయింది, కుట్టు వెయ్యమని. భుజాల ఎముకలు పైకి తేలి ఉన్నాయి. కొలత తీస్తుంటే వాకిట్లో బల్లమీద ఉన్న మామయ్యను చూసింది.

"పెద్దాయనా, ఒక్క మాట అడగొచ్చా?"

"అడుగమ్మా."

"మీరు ఊరికి మేలు చేశారంటున్నారు అందరూ. రాజు దిగాడు, కళ్ళారా చూశాను. బాగుంది. కానీ ఆ మాట నా చెవుల్లోంచి పోవడంలేదు. పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా వినిపిస్తుంది. రాజు గొంతు నేనెప్పుడూ వినలేదు కదా. మీ గొంతుతోనే వినిపిస్తుంది."

నేను కొలత టేపు చుట్టేశాను.

"మా అమ్మ పోయినప్పుడు దివాణంలో మీరొక మాట చెప్పారు. అది రాజుది కాదని నాకు అప్పుడే తెలుసు. మేమంత తెలివితక్కువ వాళ్ళమా? తెలిసే పట్టుకున్నాను. దాన్ని పట్టుకునే బతికాను. ఈసారి కూడా అలాంటిదేదో ఇస్తారని వచ్చాను పెద్దాయనా. గోతుల కోసం కాదు, నిజం చెప్పాలంటే."

ఎంతమంది ఏడుపులకో మాట అందించిన మనిషి. నోరు తెరిచాడు, మూశాడు. అబెనా ఆయన జవాబు కోసం ఆగలేదు. గుడ్డ ఎప్పటికవుతుందని నన్నడిగి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే కొత్త రాజు మనుషులు సారా సీసా పట్టుకుని వచ్చారు. కర్ర మళ్ళీ అందుకోమని నానా కోరుతున్నారన్నారు. మామయ్య వాళ్ళకు నీళ్ళిచ్చాడు, కుశలం అడిగాడు, సీసా వెనక్కి తోశాడు.

"నోరు అలిసిపోయిందని చెప్పండి."

"విశ్రాంతి తీసుకుని రండి, తొందరేం లేదు."

"పడుకుంటే తీరే అలసట కాదు నాయనా. కుర్రవాణ్ణి ఎవర్నన్నా చూసుకోండి. ఒకటి మాత్రం నేర్పండి. చుట్టి చెప్పినా, చుట్టకుండా చెప్పినా, ఎదురుగా కూర్చున్నదెవరో చూసి చెప్పమనండి."

వాళ్ళు వెళ్ళాక అత్త చాటంత మొహం చేసుకుని, "పోనీలే, ఇకనైనా ఇంట్లో నాతో నాలుగు మాటలాడు" అంది. మామయ్య నవ్వాడు. "ఏం మాట్లాడమంటావు?" అన్నాడు. అత్తకీ తోచలేదు. ఇద్దరూ కోకో గింజలు ఆరబోసిన చాప దగ్గర కూర్చుని ఎండలో అటూ ఇటూ తిప్పారు.

మర్నాడు పొద్దున్నే కత్తి భుజాన వేసుకుని ఏటివైపు బయల్దేరాడు. ముసలాయన్ని ఒంటరిగా పంపలేక నేనూ వెళ్ళాను. అమా పడిన గొయ్యి పూడ్చడం మా తరం కాదు, అది చూస్తేనే తెలుస్తుంది, చెరువంత ఉంది. వెదుళ్ళు కొట్టి చుట్టూ కంచె కడదామన్నాడు. ఒక గెడ కొట్టి కూర్చునేవాడు, ఊపిరి తీసుకుని ఇంకొకటి కొట్టేవాడు. నేను గుంజలకి గుంటలు తీశాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఊళ్ళోవాళ్ళు కొందరు వచ్చి చూశారు. "ఈ వయసులో మీకెందుకు మాటకారి గారూ, ప్రభుత్వం చేస్తుంది" అన్నారు. ఆయన తల ఊపి మళ్ళీ కత్తి అందుకున్నాడు. మా అమ్మ కూడా వచ్చింది. కాసేపు అన్నను తిట్టింది, తర్వాత చీలికలు ఏరి కుప్ప పెట్టింది.

పని సగమయ్యాక ఒక మధ్యాహ్నం అబెనా వచ్చింది. తలమీద తాటినార మోపు. గోతివైపు చూడకుండా మా దగ్గరకొచ్చి మోపు దించింది. "ఆ తాడుతో కడితే వానకి కుళ్ళిపోతుంది" అంది. ముడులు వెయ్యడం మొదలుపెట్టింది. బిగువుగా, ఎవరిమీదో కోపం ఉన్నట్టు లాగి కట్టేది. మామయ్య గెడ నిలబెట్టి పట్టుకునేవాడు, ఆమె కట్టేది.

కంచె పూర్తయిన రోజు మామయ్య సంచిలోంచి చిన్న సారా సీసా తీశాడు. పితృదేవతలకి, ఏటికి, పిల్లకి నాలుగు చుక్కలు వదలాలి. వదిలేటప్పుడు మాట చెప్పాలి, అది పద్ధతి. మూత తీసి, భుజం మీది గుడ్డ దించి, గొంతు సవరించుకున్నాడు.

"వద్దు పెద్దాయనా" అంది అబెనా. "ఏమీ అనొద్దు. ఊరికే పొయ్యండి."

ఆయన ఊరికే పోశాడు. మట్టి పీల్చుకుంది. కంచె అవతల నీళ్ళమీద ఒక పిట్ట వాలి, నీళ్ళు నచ్చనట్టు లేచిపోయింది. అబెనా డబ్బాలోంచి కాల్చిన అరటికాయలు తీసి ఆకులో పెట్టింది, ముందు ఆయనకిచ్చి, తర్వాత నాకిచ్చింది. నీడలో కూర్చుని తిన్నాం. మామయ్య నమలడం ఆపి చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. నిద్రపోలేదు. చెంపలమీద నుంచి నీళ్ళు గడ్డంలోకి దిగుతున్నాయి. అబెనా చూసింది. చూడనట్టు తాటినార పోగులు చుట్ట చుట్టుకుంది.

లేచి మోపు తలకెత్తుకుంటూ, "రేపు ఏ గోతికి?" అని అడిగింది.

మామయ్య చెయ్యెత్తి ఏటికి అవతలి ఒడ్డు చూపించాడు.